నైలు మీద ఏ పడవ ఎక్కాలి?

ప్రాచీన ఈజిప్టు పంచాంగం ప్రకారం కోతల కాలంలో మూడో నెల. అమావాస్య నాటికి ఎడ్ఫు చేరాలి కాబట్టి దెందెరా ఆలయంలో కొన్ని రోజుల ముందు నుంచే హడావిడి మొదలయ్యేది. హాథోర్ దేవత ఉత్సవ విగ్రహాన్ని పూజారులు మోసుకొచ్చి రేవులో పడవెక్కించేవారు. అక్కణ్నుంచి ఏటికి ఎదురుగా 160 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. దారిలో కర్నాక్ దగ్గర, ఇంకొన్ని ఊళ్ల దగ్గర పడవ ఆగేది. ఎడ్ఫులో భర్త హోరస్ ఎదురొచ్చి అమ్మవారిని తోడ్కొని వెళ్లేవాడు. పౌర్ణమి దాకా అక్కడే ఉత్సవాలు. ఆ తర్వాత ఏటివాలుగా తిరుగు ప్రయాణం. ఈ తంతు అంతా ఎడ్ఫు ఆలయం గోడల మీద బొమ్మలతో సహా చెక్కి ఉంది.

పురాతన కట్టడాలు చూడటానికి నైలు మీద నాలుగైదు రోజుల పడవ ప్రయాణం పెట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఆ దారిలోనే కొంత దూరం వెళ్తారు. మామూలు క్రూయిజ్ ఓడలు లక్సర్, అస్వాన్ నగరాల మధ్య తిరుగుతాయి. నది వెంట 200 కిలోమీటర్ల పైచిలుకు దూరం. లక్సర్‌లో ఎక్కితే నాలుగు రాత్రులు, అస్వాన్‌లో ఎక్కితే మూడు రాత్రులు అన్నది వాడుకగా వస్తున్న లెక్క. ప్రకటనల్లో ముందుగా కనిపించేవి ఓడకు ఎన్ని నక్షత్రాలు, పైన ఈతకొలను ఉందా, గదికి బాల్కనీ ఉందా అన్న సంగతులు. చరిత్ర కోసం వెళ్లేవాళ్లు అంతకంటే ముందు అడగాల్సింది ఒకటుంది: ఓడ ఏ రేవులో ఎన్ని గంటలు ఆగుతుంది? నైలు ఒడ్డున ఒక్కో రేవుది ఒక్కో యుగం. ఏ యుగం చూడాలో తేల్చుకోకుండా టికెట్ కొంటే, చూడాలనుకున్నది గట్టు మీదే ఉండిపోతుంది.

చాలామంది పిరమిడ్ల నాటి ఈజిప్టును ఊహించుకుంటూ ఓడెక్కుతారు. దారిలో వచ్చే ఎస్నా, ఎడ్ఫు, కొమ్ ఒంబో, చివర అస్వాన్ దగ్గరి ఫిలే... ఈ నాలుగు చోట్లా ఇప్పుడు కనిపించే కట్టడాల్లో అత్యధికం అలెగ్జాండర్ తర్వాత ఈజిప్టును ఏలిన గ్రీకు వంశస్థులు టాలెమీల కాలానివి, వారి తర్వాతి రోమన్ చక్రవర్తుల కాలానివి. ఎడ్ఫులో హోరస్ ఆలయానికి క్రీ.పూ. 237లో పునాది వేసి, క్రీ.పూ. 57 నాటికి పూర్తిచేశారు. పునాది పడే రోజుకే గిజా మహా పిరమిడ్ వయసు 2,300 ఏళ్లు. అలాగని ఎడ్ఫు విలువ తగ్గదు. ఇసుకలో కూరుకుపోయి, కప్పు మీద జనం ఇళ్లు కట్టుకునేంతగా పూడిపోవడం వల్లే అది చెక్కుచెదరకుండా మిగిలింది. 1860లలో ఫ్రెంచి పురావస్తువేత్త ఒగుస్త్ మారియెట్ ఆ ఇళ్లు ఖాళీ చేయించి ఇసుక తోడించాక, 36 మీటర్ల ప్రవేశ గోపురం నుంచి గర్భగుడి దాకా ఆలయం మొత్తం బయటపడింది.

తెలుగువాళ్లకు ఎడ్ఫుతో ఒక చుట్టరికం కూడా ఉంది. అశోకుడి 13వ శిలాశాసనంలో తన ధర్మవిజయం చేరిన యవన రాజుల పేర్లు వరుసగా వస్తాయి. అందులో 'తురమాయ' అంటే ఈజిప్టు రాజు రెండో టాలెమీ. ఎడ్ఫు ఆలయానికి పునాది వేయించింది ఆయన కొడుకు మూడో టాలెమీ. అశోకుడి 14 శిలాశాసనాలనూ చెక్కిన బండలు కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉన్నాయి. ఎర్రగుడి బండలు చూసొచ్చినవారు ఎడ్ఫు ఆలయంలో నిలబడితే ఆ రెండూ దాదాపు ఒకే కాలంలో మొదలైనవని ఇట్టే గ్రహిస్తారు.

ఇక ఫారోల ఈజిప్టు, అంటే రామ్సెస్‌లు, హత్షెప్సుత్, టుటన్‌ఖామున్‌ల ఈజిప్టు ఎక్కువగా ఉన్నది లక్సర్‌లో. ఓడ ఇంకా కదలకముందే, లేదా ప్రయాణం ముగిశాక చూడాల్సినది. చాలా ఓడలు దానికి కేటాయించేది ఒకటిన్నర రోజు. 134 స్తంభాల కర్నాక్ మండపానికే ఒక పూట కావాలి. తూర్పు ఒడ్డున కర్నాక్, లక్సర్ ఆలయాలు, పడమటి ఒడ్డున రాజుల లోయ, హత్షెప్సుత్ కట్టించిన డెయిర్ ఎల్ బహరీ, మెమ్నాన్ విగ్రహాలు... వీటన్నిటినీ ఒకటిన్నర రోజులో కుక్కితే చివరికి గుర్తుండేది ఎండే. ఓడెక్కే ముందు రెండు రోజులు పడమటి ఒడ్డున ఏదైనా చిన్న హోటల్లో దిగడం ఎంతో మేలు.

అలా దిగినవాళ్లకే డెయిర్ ఎల్ మదీనా చూసే తీరిక దొరుకుతుంది. రాజుల సమాధులు తొలిచి, రంగులు వేసిన పనివాళ్ల ఊరు అది. మూడో రామ్సెస్ పాలనలో 29వ ఏట జీతంగా రావాల్సిన తిండిగింజలు అందకపోవడంతో ఆ పనివాళ్లు పని ఆపేసి, ఆలయాల దగ్గరకొచ్చి కూర్చున్నారు. లిఖితపూర్వకంగా నమోదైన సమ్మెల్లో మనకు తెలిసినంతవరకు అదే మొదటిది. పునాదులు మాత్రమే మిగిలిన ఆ ఇళ్ల మధ్య సన్నటి వీధిలో నడుస్తుంటే, పక్క లోయలోని రాజుల సమాధుల కంటే ఈ ఊరే ఎక్కువ కాలం మనసులో నిలుస్తుంది. అయినా ఓడల వాళ్ల కార్యక్రమాల్లో దీనికి చోటు దొరకడం అరుదు.

మెమ్నాన్ విగ్రహాల దగ్గర బస్సులు పది నిమిషాలు ఆగుతాయి. క్రీ.శ. 130లో రోమన్ చక్రవర్తి హేడ్రియన్ నైలు యాత్రకొచ్చి ఇక్కడ దిగాడు. వెంట వచ్చిన కవయిత్రి జూలియా బాల్బిల్లా రాసిన గ్రీకు పద్యాలు వాటిలో ఒకదాని కాలి మీద ఇప్పటికీ ఉన్నాయి. విహారయాత్రకొచ్చి గుర్తుగా ఏదో ఒకటి రాసిపోవడం అంత పాత అలవాటు.

లక్సర్ దాటాక ఎస్నా దగ్గర లాకులు వస్తాయి. ధవళేశ్వరం లాకులు చూసినవాళ్లకు పద్ధతి తెలిసిందే: గదిలోకి ఓడ వస్తుంది, తలుపులు మూస్తారు, నీటిమట్టం మారుతుంది, ఎదుటి తలుపులు తెరుస్తారు. ఇక్కడ వరుసలో నిలబడిన ఓడల చుట్టూ చిన్న పడవల్లో వ్యాపారులు మూగి, దుప్పట్లు, జుబ్బాలు మూటగట్టి ఏకంగా పై అంతస్తులోకి విసురుతారు. నచ్చితే డబ్బులు మూటలో పెట్టి కిందికి వేయాలి. చాలా ఓడలకు ఎస్నా అంటే ఈ లాకులే. ఊరి నడుమ, వీధిమట్టానికి తొమ్మిది మీటర్ల లోతున ఉన్న ఖ్నూమ్ దేవుడి ఆలయ మండపానికి ప్రయాణికుల్ని తీసుకెళ్లరు. అది పెద్ద లోటు. శతాబ్దాల పొగమసి కింద దాగిన అసలు రంగుల్ని 2018 నుంచి ఈజిప్టు, జర్మనీ నిపుణులు ఓపిగ్గా శుభ్రం చేసి బయటికి తెచ్చారు. 24 స్తంభాలు, రాశిచక్రం ఉన్న పైకప్పు ఇప్పుడు నీలం, ఎరుపు, పసుపు రంగుల్లో కనిపిస్తాయి. ఈజిప్టు ఆలయాలన్నీ ఒకప్పుడు ఇలా రంగులతో నిండి ఉండేవన్న సంగతి కళ్లకు కట్టే చోట్లలో ఇదొకటి. ఓడ ఎంచుకునేటప్పుడు ఎస్నాలో గుడికి తీసుకెళ్తారా అని కచ్చితంగా అడగాలి.

పెద్ద ఓడా, తెరచాప పడవా అన్న ప్రశ్న ఈనాటిది కాదు. థామస్ కుక్ 1869లో తన మొదటి పర్యాటక బృందాన్ని ఆవిరి ఓడల్లో నైలు మీదికి తీసుకొచ్చాడు. అప్పటిదాకా యూరప్ వాళ్లు దహబియా అనే తెరచాప పడవను సరంగుతో, సిబ్బందితో సహా నెలల తరబడి అద్దెకు తీసుకునేవారు. ఆంగ్ల రచయిత్రి అమీలియా ఎడ్వర్డ్స్ 1873 చివర్లో కైరో చేరి, ఆవిరి ఓడ చవక, వేగం అని తెలిసి కూడా దహబియానే ఎంచుకుంది. ఉత్తరగాలి ఉన్నప్పుడు ఆగకుండా పైకి వెళ్లిపోవడం, ఏటివాలుగా తిరిగొచ్చేటప్పుడు కట్టడాలన్నీ తీరిగ్గా చూడటం అప్పటి ఆనవాయితీ. అస్వాన్‌కు దక్షిణాన అబూ సింబెల్ ఆలయం దగ్గర ఆమె బృందం చాలా రోజులు ఉండిపోయింది. అక్కడి రెండో రామ్సెస్ విగ్రహాల్లో ఒకదాని ముఖానికి అచ్చు తీసినవాళ్లు వదిలేసిన సున్నపు పెచ్చుల్ని పడవవాళ్ల చేత తీయించి, మిగిలిన తెల్లమచ్చల్ని కాఫీ డికాక్షన్‌తో రాతిరంగుకు తెప్పించింది. ఇరవై రోజుల్లో వెళ్లొచ్చే ఆవిరి ఓడలో ఆ తీరిక ఉండేది కాదు. ఆ యాత్ర నుంచే ఆమె పుస్తకం వచ్చింది, 1882లో ఈజిప్టు తవ్వకాలకు ఒక సంస్థా పుట్టింది.

దహబియాలు ఇప్పుడు మళ్లీ నడుస్తున్నాయి. పది లోపు గదులు, రెండు తెరచాపలు, గాలి లేనప్పుడు లాగడానికి ఒక చిన్న మోటారు పడవ. చాలావరకు లాకులు దాటాక ఎస్నాలో బయల్దేరి నాలుగైదు రోజుల్లో అస్వాన్ చేరతాయి. ధర ఎక్కువే. కానీ డెబ్భై గదుల ఓడ ఆగలేని చోట్ల ఇవి ఆగుతాయి. వాటిలో ఒకటి ఎల్ కాబ్. పరదేశీ పాలకులు హిక్సోస్‌లను ఈజిప్టు నుంచి తరిమిన యుద్ధంలో పాల్గొన్న ఓడ సైనికుడు అహ్మోస్ తన అనుభవాలను సమాధి గోడ మీద రాయించుకున్నది అక్కడే.

ఇంకొకటి గెబెల్ ఎల్ సిల్సిలా. నది అక్కడ రెండు ఇసుకరాతి గుట్టల మధ్య సన్నబడుతుంది. కర్నాక్‌కూ, ఎడ్ఫుకూ, కొమ్ ఒంబోకూ రాయి వెళ్లింది ఆ గుట్టల నుంచే. గుట్టను నిలువుగా కోసిన గోడల మీద ఉలిగాట్లు వరుసలు తీరి ఉంటాయి. రాయి పుట్టిన చోటు చూశాక గుళ్లు వేరేగా కనిపిస్తాయి. ఇంత బరువు ఇంత దూరం ఎలా వెళ్లిందన్న ప్రశ్నకు జవాబు కళ్ల ముందే పారుతూ ఉంటుంది. పెద్ద ఓడల వాళ్లు ఈ గుట్టల్ని డెక్ మీద టీ తాగుతూ దాటేస్తారు. ఖర్చు భరించగలిగితే దహబియానే మేలనడానికి సిల్సిలా ఒక్కటి చాలు.

పెద్ద ఓడలకు ఇంకో ఇబ్బంది ఉంది. రేవుల్లో అవి ఒకదాని పక్కన ఒకటి ఆనించి నిలబడతాయి. అలాంటప్పుడు కిటికీ తెరిస్తే కనిపించేది పక్క ఓడ కిటికీ. ఎడ్ఫులో అన్ని ఓడల జనం తెల్లవారే ఒకేసారి గుడిమీద పడతారు. మధ్యాహ్నం వెళ్లే ఓడ దొరికితే ఎండ కాసినా గుడి ఖాళీగా దొరుకుతుంది. మొసలి దేవుడు సోబెక్‌కు, హోరస్‌కు కలిపి కట్టిన కొమ్ ఒంబో జంట ఆలయం చిన్నది. దానికి గంటన్నర సరిపోతుంది, పక్కనే ఉన్న మొసళ్ల మమ్మీల మ్యూజియంతో సహా.

అస్వాన్‌లో అందరూ ఫిలే చూస్తారు. చిత్రలిపిలో చెక్కిన, తేదీ తెలిసిన శాసనాల్లో చిట్టచివరిది ఆ గుడిలోనే ఉంది: క్రీ.శ. 394 ఆగస్టు 24. ఆనకట్టల నీటిలో మునుగుతున్న ఆలయాన్ని 1972 నుంచి 1980 దాకా రాయిరాయిగా విప్పి పక్కనున్న అగిల్కియా ద్వీపం మీద నిలబెట్టారు. నాగార్జునకొండను ఎరిగిన తెలుగువాళ్లకు ఆ పని ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. కృష్ణ నీళ్లు రాకముందే 1954 నుంచి 1960 వరకు ఆ లోయను తవ్వి, కొన్ని కట్టడాలను కొండపైకి, అనుపుకు తరలించారు. సరిగ్గా 1960లోనే, అస్వాన్ పెద్ద ఆనకట్ట నీటిలో మునగనున్న నుబియా ప్రాంతపు కట్టడాలను కాపాడమని యునెస్కో ప్రపంచాన్ని కోరింది. భారత పురావస్తు శాఖ కూడా స్పందించింది. బి.బి. లాల్ నాయకత్వంలో ఒక బృందం వెళ్లి నుబియాలోని అఫ్యేలో తవ్వకాలు జరిపింది.

అదే అస్వాన్‌లో పడమటి గట్టున కుబ్బెత్ ఎల్ హవా సమాధులున్నాయి. లక్సర్ కంటే, ఎడ్ఫు కంటే ఎన్నో వందల ఏళ్లు పాతవి. అక్కడి అధికారి హర్ఖుఫ్ దక్షిణాది యాత్ర నుంచి ఒక మరుగుజ్జు నర్తకుణ్ని తెస్తున్నాడని విని, చిన్నపిల్లాడైన రాజు రెండో పెపి ఉత్తరం రాశాడు. పడవలో అతని పక్కన నమ్మకమైనవాళ్లను ఉంచమనీ, నీళ్లలో పడకుండా చూడమనీ, రాత్రి పదిసార్లు లేచి చూసుకోమనీ అందులో ఆజ్ఞ. హర్ఖుఫ్ ఆ ఉత్తరాన్ని తన సమాధి ముఖద్వారం మీద చెక్కించుకున్నాడు. నాలుగు వేల ఏళ్లు దాటిన ఆ ఉత్తరం చూడాలంటే అస్వాన్‌లో ఇంకో పూట ఉండాలి. ఓడ దిగిన రోజే విమానం ఎక్కేలా టికెట్లు తీసుకోకపోతే చాలు.

కైరో నుంచి లక్సర్ దాకా సాగే పొడవైన ప్రయాణాలు 1990లలో భద్రతా కారణాలతో ఆగి, తర్వాత పరిమితంగా మళ్లీ మొదలయ్యాయి. బెనీ హసన్ సమాధులు, అఖెనాతెన్ కట్టిన అమర్నా, 76 మంది రాజుల పేర్లు చెక్కిన అబైడోస్ గోడ ఆ దారిలో వస్తాయి. రెండు వారాలు ఉన్నవాళ్లకు అదే సరైనది. లేనివాళ్లు లక్సర్ నుంచి కారులో ఒక్క రోజులో దెందెరా, అబైడోస్ చూసి రావచ్చు.

అబూ సింబెల్ సంగతి వేరు. పెద్ద ఆనకట్ట అడ్డంగా ఉంది కాబట్టి నైలు ఓడలు అక్కడికి పోలేవు. చాలామంది అస్వాన్‌లో తెల్లవారుజామునే బయల్దేరి, దాదాపు 280 కిలోమీటర్లు ఎడారి రోడ్డున వెళ్లి, రెండు గంటలు చూసి వెనక్కి వస్తారు. ఆ దారిన వచ్చినవాళ్లకు ముందు కనిపించేది ఆలయాన్ని ముంపు నుంచి తప్పించి మార్చినప్పుడు పోసిన గుట్ట వెనకభాగం. ఆనకట్టకు ఆవల ఉన్న నాసర్ సరస్సు మీద మూడు, నాలుగు రాత్రుల ఓడలు వేరే ఉన్నాయి. తక్కువ ఓడలు, తక్కువ జనం. కలాబ్షా, వాది ఎస్ సెబువా, అమదా ఆలయాల దగ్గర ఆగుతూ వెళ్తాయి. రెండో రామ్సెస్ అబూ సింబెల్‌లో తన నాలుగు భారీ విగ్రహాలను, ఒక్కోటి 20 మీటర్లు, నదికి ఎదురుగా చెక్కించాడు. ఏటి మీద వచ్చేవాళ్లు చూడాలనే అవి అక్కడ ఉన్నాయి. ఓడ వాటి ముందే ఆగుతుంది కాబట్టి, పొద్దున బస్సులు రాకముందూ, అవి వెళ్లిపోయాకా గుడిలోకి వెళ్లొచ్చు.