వాన కాలువలో మురుగు ఎక్కడ కలుస్తోంది? మొగల్తూరు చుట్టుపక్కల వెతికే పద్ధతి

డెల్టాలో కాలువలు రెండు రకాలు. గోదావరి నీటిని చేలకు తెచ్చేది పంట కాలువ. చేలల్లో, ఊళ్లో నిలిచిన వాన నీటిని సముద్రం వైపు తీసుకెళ్లేది మురుగు కాలువ, దాన్నే డ్రైను అంటాం. పేరులో మురుగు ఉన్నా, అది మరుగుదొడ్ల నీళ్ల కోసం తవ్వింది కాదు. మొగల్తూరు వైపు గొంతేరు డ్రైను, భీమవరంలో యనమదుర్రు డ్రైను ఇలాంటివే. ఇళ్లవీ, హోటళ్లవీ, ఫ్యాక్టరీలవీ పైపులు అనుమతి లేకుండా వీటిలో కలిపితే అది అక్రమ కనెక్షన్.

అందరూ కావాలని చేస్తున్నారనీ అనలేం. మన పల్లెల్లో చాలావాటికి భూగర్భ మురుగు పైపులు లేవు. సెప్టిక్ ట్యాంకు నీరు ఇంకుడు గుంతలోకి పోవాలి. కానీ ఇక్కడ నాలుగడుగులు తవ్వితే నీళ్లు పడే చోట్లు ఎన్నో. వానాకాలంలో గుంత నీరు పీల్చదు, ట్యాంకు పొంగుతుంది. మేస్త్రీ ఒక పైపు తీసి రోడ్డు పక్క కాలువలో పెట్టేస్తాడు. అక్కడి నుంచి అది డ్రైనుకు చేరుతుంది.

వెతకడానికి మంచి అదను వేసవిలో పంట కాలువలు కట్టేసిన రోజులు. చేల నీరు రాదు, వాన ఉండదు. కనీసం మూడు రోజులు చినుకు పడకపోయినా ఒక తూములోంచి నీరు కారుతుంటే ఎక్కడిదో అడగాల్సిందే. దిగువ నుంచి ఎగువకు నడుస్తూ ప్రతి తూమునూ కాగితం మీద గుర్తు పెట్టుకోవాలి. ఒక చోట మురికి ఉండి, దానికి పైన ఉన్న కల్వర్టు దగ్గర లేదంటే, మూలం ఆ రెంటి మధ్యే ఉంది. ఆ ముక్కను మళ్లీ సగం చేసి చూస్తే నాలుగైదు సార్లలో ఒక వీధికి చేరతాం. పగలు పొడిగా ఉండి రాత్రి పారే తూములూ ఉంటాయి. వాటి నోటికి ఇసుక బస్తా అడ్డం పెట్టి, ఒకటి రెండు రోజులయ్యాక వెనక నీరు నిలిచిందేమో చూస్తారు. పని కాగానే బస్తా తీసేయాలి.

పారేదంతా మురుగు కాదు. మసీదు దగ్గర వుజూ నీళ్లు రోజుకు ఐదుసార్లు కాలువలో పడతాయి, వాటిలో సబ్బుగానీ మలంగానీ ఉండవు. అసలు తికమక చెరువులతో వస్తుంది. పట్టణాల్లో అమ్మోనియా, ఉప్పు శాతం చూసి మురుగును పట్టేస్తారు. ఇక్కడ రొయ్యల చెరువు నీటిలోనూ అమ్మోనియా ఉంటుంది, సముద్రపు పోటుతో ఉప్పు ఎలాగూ వస్తుంది. అందుకే బట్టల సబ్బు జాడ చూడటం మేలు. 2004లో అమెరికాలో వచ్చిన ఒక మార్గదర్శి, డిటర్జెంటు లీటరుకు 0.25 మిల్లీగ్రాములు దాటితే మురుగో ఉతికిన నీళ్లో కలిసినట్టే అంటుంది. తెల్లదనం పొడి కలపని దూదిని కొన్ని రోజులు తూములో కట్టి, తర్వాత చీకట్లో అతినీల కాంతి టార్చి వేసి చూసే పద్ధతీ ఉంది. డిటర్జెంట్లలోని తెల్లదనం రసాయనం అంటితే దూది నీలంగా మెరుస్తుంది.

వీధి తేలాక రంగు పరీక్ష. ఇంటివాళ్ల అనుమతితో మరుగుదొడ్డిలో ఫ్లోరసీన్ అనే ఆకుపచ్చ రంగు వేసి, నీళ్లు పోసి, తూము దగ్గర ఎదురుచూస్తారు. సెప్టిక్ ట్యాంకు ఉంటే రంగు బయటికి రావడానికి చాలా సమయం పట్టొచ్చు, కాబట్టి గంటలో రాలేదని వదిలేయకూడదు. ఈ పని పంచాయతీ సిబ్బంది చేయాలి. దిగువన చెరువులున్నవాళ్లకు ముందే చెప్పకపోతే పచ్చ నీళ్లు చూసి గొడవవుతుంది.

ఎంత అనుమానం ఉన్నా ట్యాంకులోకీ మ్యాన్‌హోల్‌లోకీ దిగొద్దు, తల కూడా పెట్టొద్దు. 2017 మార్చి 30న మొగల్తూరు మండలంలోని ఒక రొయ్యల శుద్ధి ప్లాంటులో వ్యర్థజలాల ట్యాంకు దగ్గర విషవాయువు పీల్చి ఐదుగురు కార్మికులు చనిపోయారు. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముక్కు దాని వాసన పట్టలేదు. వాసన లేదు కదా అని దిగినవాడూ, అతన్ని లాగడానికి దిగినవాడూ ఇద్దరూ పడిపోతారు. మనుషుల్ని ఇలా దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. ట్యాంకు తీయించడానికి జాతీయ హెల్ప్‌లైన్ 14420.

మూలం తేలితే, ఇళ్ల సంగతి పంచాయతీ కార్యదర్శికి, ఫ్యాక్టరీ అయితే కాలుష్య నియంత్రణ మండలికి రాసి ఇవ్వాలి. కాలువల్లోకి కలుషితాలు వదలడాన్ని 1974 నీటి చట్టం 24వ సెక్షన్ నిషేధిస్తుంది. అర్జీలో తూము ఎక్కడుందో, తేదీ, సమయం, ఫోటో ఉండాలి, ఎన్ని రోజులుగా వాన లేదో కూడా రాయాలి. ఈ చివరిది చాలామంది మర్చిపోతారు, అది లేకపోతే "వాన నీరే" అని తేల్చేస్తారు.