పాసులో లేని పుట్టినరోజు

నల్లకుంటలో మా మేడమీద అద్దెకుండే అమ్మాయి ఉస్మానియాలో ఎం.ఏ. చేసి ఉద్యోగంలో చేరింది. జూన్ మొదటి వారంలో పుట్టినరోజు. ఈసారి ట్రినిడాడ్ వెళ్తానని బీచ్ ఫొటోలు చూపించింది. "కాస్త ముందే చేరుకోమ్మా, మే 30 చూస్తావు" అన్నాను. "ఆ రోజు ఏముంది అంకుల్?" అంది.

1845 ఫిబ్రవరిలో కలకత్తా నుంచి బయలుదేరిన ఫాతెల్ రజాక్ ఓడ ఆ దీవి చేరింది మే 30నే. బ్రిటిష్ వలసల్లో బానిసత్వం పోయాక చెరకు తోటలకు చవగ్గా పనిచేసే మనుషులు కావాల్సొచ్చింది. ఒప్పందం మీద 1917 దాకా లక్షా నలభై వేలమందికి పైగా భారతీయులు అక్కడికి వెళ్లారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి, కొందరు మద్రాసు నుంచి. ఆ కొందరిలో తెలుగువాళ్లూ ఉన్నారు.

కూలీల ఎమిగ్రేషన్ పాసులో పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, ఎత్తు, ఒంటిమీది మచ్చలు రాసేవారు. వయసు కూడా రాసేవారు, ఓ అంకెగా. పుట్టిన తేదీ మాత్రం ఉండదు. పని చేయించుకోవడానికి అది అక్కర్లేదు కదా! దీవిలో దిగాక తెలుగైనా, తమిళమైనా అందరికీ ఒకటే పేరు: మద్రాసీ.

ఇవాళ ట్రినిడాడ్‌లో మే 30 జాతీయ సెలవు. పుట్టినరోజు ఏ కాగితంలోనూ లేనివాళ్ల వారసులు, ఓడ దిగిన రోజునే పండగ చేసుకుంటున్నారు. మేడమీది పిల్ల బీచ్‌కి వెళ్లనీ, తప్పేముంది. అక్కడెవరైనా "మద్రాసీ" అంటే మాత్రం, ఆ మాట కింద తెలుగువాళ్లూ ఉన్నారని గుర్తుంచుకుంటే చాలు.