మర లైసెన్సూ - కుంఫిణీ లైసెన్సూ

మా వదిన పిండిమర లైసెన్సుకి ఫ్రేము కట్టించి వేంకటేశ్వరస్వామి పటం పక్కనే తగిలించింది. పటానికి రోజూ దణ్ణం పెడుతుంది గానీ, పక్కనున్న కాగితాన్ని ఎన్నడూ చదవదు. చదువుదామన్నా కనిపించదు లెండి. సరిగ్గా గడువు తేదీ ఉన్నచోటే పిండి దట్టంగా పేరుకుపోయింది.

ఈ ఏడు ఆ తేదీ కాస్తా దాటిపోయింది. మార్చి 31 లోపల కట్టాల్సింది ఏప్రిల్ మూడోవారం దాకా ఎవరికీ గుర్తు రాలేదు. ఆఫీసునించి మనిషొచ్చి అపరాధ రుసుముకి చీటీ రాసిచ్చి వెళ్ళాడు. డబ్బయితే కట్టింది గానీ వదిన కోపం తీరలేదు.

"పన్నెండేళ్ళనించీ అదే మర, అదే మోటారు, అదే నేను. ఏడాదికోసారి మళ్ళీ వెళ్ళి అడుక్కోవటం ఏమిటమ్మాయ్? ఒకసారి ఇచ్చాక ఇచ్చినట్టే కాదూ?" అంది నాతో.

ముప్ఫయ్యేళ్ళు బళ్ళో చరిత్ర చెప్పినదాన్ని. ఎవరేమడిగినా నాకు మూడొందల ఏళ్ళనాటి సంగతే గుర్తొస్తుంది. అదో జబ్బు. అదృష్టవశాత్తూ అప్పుడే కరెంటు పోయింది. మర ఆగింది, నా నోరు తెరుచుకుంది.

మనల్ని ఏలిన కుంఫిణీ, అదే ఈస్టిండియా కంపెనీ, అదీ లైసెన్సుమీద నడిచిన కొట్టే. 1600 డిసెంబరు 31న ఎలిజబెత్ రాణి ఇచ్చిన పట్టా పదిహేనేళ్ళకి మాత్రమే. తూర్పుదేశాలతో బేరం ఇంగ్లీషువాళ్ళలో వాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యకూడదు. 1609లో జేమ్స్ రాజు గడువు తీసేశాడు గానీ ఓ మెలిక పెట్టాడు. ఆ వ్యాపారంవల్ల రాజ్యానికి లాభం లేదని తేలితే మూడేళ్ళు ముందుగా చెప్పి రద్దు చెయ్యొచ్చునట! రెండేళ్ళు తిరిగేసరికి, 1611లో, వాళ్ళ ఓడ మన మచిలీపట్నం చేరింది. అద్దకం బట్టలకోసం.

ఆ మెలిక 1698లో కంపెనీ మెడకే చుట్టుకుంది. యుద్ధాలు చేసి చేసి రాజుగారి బొక్కసం ఖాళీ అయింది. అప్పెవరిస్తే వాళ్ళకే లైసెన్సు అన్నారు. పాత కంపెనీ ఏడు లక్షల పౌన్లిస్తానంది. ఇంకో గుంపు ఇరవై లక్షలిస్తాం, నూటికి ఎనిమిది వడ్డీ ఇవ్వండంది. ఇంకేం, కొత్తవాళ్ళకి పట్టా, పాతవాళ్ళకి మూడేళ్ళ నోటీసు. పాత కంపెనీ గట్టిపిండమే. ఆ కొత్త దాంట్లోనే మూడు లక్షల పదిహేను వేల పౌన్లు పోసి వాటా కొనుక్కుంది.

ఇక్కడ మనవైపు తమాషా చూడండి. మద్రాసులో పాత కంపెనీ గవర్నరు థామస్ పిట్. మచిలీపట్నంలో కొత్త కంపెనీ అధికారి జాన్ పిట్. ఇద్దరూ బంధువులే! అసలు కంపెనీ మాదంటే మాదని కొట్టుకున్నారు. ఆఖరికి 1709కి రెండూ కలిసిపోయాయి.

"అయితే డబ్బిచ్చినవాడిదే లైసెన్సన్నమాట. ఇందులో కొత్తేముంది?" అంది వదిన.

అక్కడికే వస్తున్నానన్నాను. 1793నించి పార్లమెంటు ఇరవయ్యేళ్ళకోసారి పట్టా తిరగరాసేది. తిరగరాసే ముందు లెక్కలడగాలి, సాక్షుల్ని పిలవాలి. మిగతా ఇరవయ్యేళ్ళూ దూరాన ఏం చేసినా అడిగే నాథుడు తక్కువ, ఆ ఒక్కసారి మాత్రం జవాబు చెప్పుకోక తప్పదు. 1813లో మనదేశంతో వ్యాపారం ఇంగ్లండులో అందరికీ తెరిచారు. తేయాకూ, చైనా బేరమూ వీళ్ళకి వదిలారు. తలుపు తెరుచుకోగానే మిల్లు గుడ్డ వరదలా వచ్చిపడింది. మన నేతగాళ్ళ మగ్గాలకి ఏమైందో వేరే చెప్పక్కర్లేదు. ఆ పట్టాలోనే మన చదువులకి ఏడాదికి లక్ష రూపాయలన్నారు. పదేళ్ళదాకా దాన్ని సరిగ్గా ఖర్చు పెట్టిన పాపాన పోలేదు.

1833లో అసలు వ్యాపారమే మానెయ్యమన్నారు. కొట్టు మూసెయ్యాలి, ఊరిని మాత్రం ఏలుకోవచ్చు! వాటాదార్లకి నూటికి పదిన్నర చొప్పున లాభం ఇస్తూనే ఉండాలి, అది మన పన్నుల్లోంచి.

"మర ఆపేసినా నాకు ఊరివాళ్ళు డబ్బిస్తారా?" అని వదిన పకపకా నవ్వింది.

నాకు మాత్రం ఆ తరవాతి సంగతి దగ్గర నవ్వు రాదు. పన్ను కట్టలేని రైతుని మన జిల్లాల్లో ఎండలో వంగోబెట్టి వీపుమీద రాయి పెట్టేవాళ్ళు. మెడకీ కాలి బొటనవేళ్ళకీ గుడ్డతో బిగించి కట్టేవాళ్ళు. వేళ్ళని కర్రల మధ్య నొక్కేవాళ్ళు. వసూళ్ళు చేసే చిన్న ఉద్యోగులు మనవాళ్ళే, పన్ను మాత్రం కుంఫిణీది. లండనుకి ఆ కేకలు ఎలా వినపడతాయి?

వినిపించినాయన ఓ తెలుగు వర్తకుడు. మద్రాసులో గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు. నీలిమందూ బట్టలూ అమ్మే ఇంట 1806లో పుట్టారు. 1844లో 'క్రెసెంట్' అనే ఇంగ్లీషు పత్రిక పెట్టారు. కుంఫిణీ పట్టా తిరగరాసే వేళ దగ్గరపడుతోందని ఆయన తేదీ చూసుకుంటూనే ఉన్నారు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించి, సరిగ్గా అదను చూసి పార్లమెంటుకి అర్జీ పంపారు. శిస్తుల బరువూ, కోర్టుల జాప్యమూ, చదువులూ రోడ్లూ లేకపోవటమూ, ఆ హింసలూ, అన్నీ అందులో పెట్టారు.

1853లో పట్టా ఎలాగూ తిరగరాశారు, ఈసారి గడువు లేకుండా, పార్లమెంటు మళ్ళీ కాదనేదాకా అని. అర్జీలో అడిగినవి చాలామటుకు జరగలేదు. అయినా శెట్టిగారు ఊరుకోలేదు. డాన్‌బీ సేమూర్ అనే పార్లమెంటు సభ్యుడు ఆ ఏడే మద్రాసొస్తే, వెంటబెట్టుకుని జిల్లాలు తిప్పి చూపించారు. సేమూర్ వెళ్ళి సభలో లేవదీశాడు. 1854లో విచారణ సంఘం వేశారు. హింస నిజమేనని 1855లో వాళ్ళే రాసిచ్చారు. ఒక కొట్టువాడు ఇంకో కొట్టు లైసెన్సు తేదీని కనిపెట్టి ఉండటంవల్ల జరిగిన పని ఇది. మా పుస్తకాల్లో ఆయనకి ఒక పేరా కూడా ఉండేది కాదు.

గడువు లేని ఆ పట్టా అయిదేళ్ళే నిలిచింది. 1858లో రాజ్యం రాణిగారి చేతికి పోయింది, 1874 జూన్ 1న కుంఫిణీయే లేకుండా పోయింది.

కరెంటొచ్చింది. వదిన మాత్రం మీట వెయ్యలేదు. స్టూలెక్కి పైటకొంగుతో లైసెన్సు మీద పిండి తుడిచింది. తేదీ పైకి చదివి, గోడ కాలెండరు మీద గుర్తు పెట్టుకుంది. తరవాత ఏదో ఆలోచన తోచినట్టు వెనక్కి తిరిగింది.

"ఏమ్మాయ్, తిరగరాసేటప్పుడు ఎవరైనా అర్జీ పెట్టొచ్చన్నమాటేగా?"

"పెట్టొచ్చేమో మరి."

పొద్దున్నే అయిదింటికే మర వేస్తుందని పక్కింటావిడ ఏడాదిగా సణుగుతోంది. వదిన గోడ అవతలికి ఓసారి తొంగి చూసి, గొంతు తగ్గించి అంది: "ఈ శెట్టిగారి కథ ఆవిడకి గానీ చెప్పలేదు కదా?"