అడిగే హక్కు, అడగని పద్దు

1980 జనవరి 14న ఢిల్లీలో ఇందిరాగాంధీ మళ్లీ ప్రధానిగా ప్రమాణం చేశారు. అదే తేదీన న్యూయార్కులో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ, అఫ్గానిస్థాన్ నుంచి విదేశీ సేనలు వెంటనే వెళ్లిపోవాలంటూ తీర్మానం చేసింది. అనుకూలంగా 104 ఓట్లు, వ్యతిరేకంగా 18 ఓట్లు వచ్చాయి. మరో 18 దేశాలు తటస్థంగా ఉండిపోయాయి. వాటిలో మన దేశం ఒకటి.

ఈ రెండు సంగతులకీ జహీరాబాద్‌తో సంబంధం ఉంది. ఆ జనవరి లోక్‌సభ ఎన్నికల్లో ఇందిర రాయబరేలీలోనూ మెదక్‌లోనూ గెలిచి, రాయబరేలీ వదులుకుని మెదక్ అట్టిపెట్టుకున్నారు. మెదక్‌లో ఆమె చేతిలో ఓడినవారు ఎస్. జైపాల్‌రెడ్డి. జహీరాబాద్ అప్పట్లో మెదక్ లోక్‌సభ స్థానంలోని సెగ్మెంటు. సొంత లోక్‌సభ స్థానం 2008 నాటి పునర్విభజనతో గానీ రాలేదు. అంటే 1980 నుంచి 1984 అక్టోబరు దాకా జహీరాబాద్ ఓటరుకు ఎంపీ ఎవరంటే సాక్షాత్తూ ప్రధానమంత్రే.

గొప్పే. కానీ సభా సంప్రదాయంలో ఒక చిక్కుంది. ప్రశ్నోత్తరాల్లో మంత్రులు జవాబులిస్తారు, ప్రశ్నలు వేయరు. అఫ్గానిస్థాన్‌లోని సోవియట్ సేనల విషయంలో ప్రభుత్వం ఎందుకు మెత్తగా ఉందని ప్రతిపక్షం నిలదీసినప్పుడు మెదక్ నియోజకవర్గం తరఫున అడగడానికి లోక్‌సభలో మనిషి లేడు. విదేశాంగ మంత్రి పి.వి. నరసింహారావుది హనుమకొండ స్థానం కాబట్టి అక్కడి ఓటర్లదీ అదే స్థితి. తెలుగువారు విదేశాంగ విధానానికి అత్యంత దగ్గరగా ఉన్న ఆ నాలుగున్నరేళ్లలో, ఈ రెండు నియోజకవర్గాల నుంచి ఆ విధానంపై సభలో ఒక్క ప్రశ్న కూడా పడే వీల్లేదు.

దీన్నిబట్టి మెదక్ నష్టపోయిందని తేల్చేస్తే తొందరపాటు. 1984లో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారానికి ఇందిర శంకుస్థాపన చేశారు. అక్కడ తయారైన ‘శరత్’ వాహనం సోవియట్ బీఎంపీ-2కు లైసెన్సు మీద చేసిన రూపం. మాస్కోతో స్నేహం మెదక్ జిల్లాకు ఉద్యోగాల రూపంలో చేరిందని చెప్పొచ్చు. అఫ్గాన్ ఓటుకూ ఈ కర్మాగారానికీ ముడిపెట్టే ఆధారం మాత్రం లేదు. ముడిపెట్టి రాస్తే చదవడానికి బాగుంటుంది గానీ అది పరిశోధన కాదు.

ఇక అసలు విషయం. విదేశాంగ విధానాన్ని, విదేశాలకు ఇచ్చే సొమ్మును మన చట్టసభ ఎంతవరకు ప్రశ్నించగలదు? ఎక్కడ ప్రశ్నించడం మానేసింది? ఆధారాలు చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. సభ్యులు గట్టిగా మాట్లాడేది తమకు ఓటు లేని చోట. ఓటు ఉన్న చోట చాలాసార్లు మౌనమే.

ఓటు లేని చోటు ఒప్పందాలు. అమెరికాలో అయితే సంధికి సెనేట్‌లో మూడింట రెండు వంతుల సమ్మతి కావాలి. మన రాజ్యాంగంలో అలాంటి షరతు లేదు. ఒప్పందం చేసుకోవడం కార్యనిర్వాహక వర్గం పని. దాన్ని అమలు చేయడానికి చట్టం అవసరమైతేనే 253వ అధికరణం కింద పార్లమెంటు రంగంలోకి వస్తుంది. దేశ భూభాగం ఇచ్చేయాలంటే మాత్రం రాజ్యాంగ సవరణ తప్పదని బేరుబాడి వ్యవహారంలో 1960లో సుప్రీంకోర్టు చెప్పింది. బంగ్లాదేశ్‌తో సరిహద్దు ఒప్పందానికి 2015లో వందో సవరణ చేయాల్సి వచ్చింది అందుకే. అమెరికాతో అణు ఒప్పందం సభలో ఓటుకు రాలేదు. వచ్చింది ప్రభుత్వంపై విశ్వాసం. 2008 జులై 22న 275-256తో ప్రభుత్వం గట్టెక్కింది. విప్ ధిక్కరించి ప్రభుత్వం వైపు నిలిచినవారిలో తెలుగుదేశం సభ్యులు మందా జగన్నాథం, డి.కె. ఆదికేశవులు ఉన్నారు. ఆ ఓట్లు అణు ఒప్పందానికి పడ్డాయా, మన్మోహన్ ప్రభుత్వానికి పడ్డాయా అన్నది ఓటింగు బోర్డు చెప్పదు.

ఓటు ఉన్న చోటు పద్దు. విదేశాంగ శాఖ ఖర్చు పెట్టే ప్రతి రూపాయికీ లోక్‌సభ ఆమోదం కావాలి. 2025-26 బడ్జెట్‌లో ఆ శాఖకు రూ.20,516 కోట్లు కేటాయించారు. అందులో పొరుగు దేశాలకు, ఇతర దేశాలకు సహాయం కింద సుమారు రూ.5,500 కోట్లు. భూటాన్‌కు 2,150 కోట్లు, నేపాల్‌కు 700, మాల్దీవులకు 600, మారిషస్‌కు 500, శ్రీలంకకు 300, బంగ్లాదేశ్‌కు 120. ఆ ఏటి కేంద్ర బడ్జెట్ మొత్తం 50.65 లక్షల కోట్లు కాబట్టి, ప్రభుత్వం ఖర్చు పెట్టే ప్రతి వెయ్యి రూపాయల్లో విదేశీ సహాయానిది రూపాయికి కాస్త ఎక్కువ. ‘మన సొమ్మంతా బయటి దేశాలకు దోచిపెడుతున్నారు’ అనే మాటకు ఈ అంకె బలమివ్వదు. అలాగని చిన్న మొత్తం కాబట్టి అడగనక్కర్లేదనీ కాదు. భూటాన్‌కు ఇచ్చేదాంట్లో కొంత గ్రాంటు, కొంత జలవిద్యుత్ కేంద్రాలకు అప్పు. ఆ కరెంటులో ఎక్కువ భాగం మనకే అమ్ముతారు. మారిషస్‌కు 2016లో ప్రకటించిన 35.3 కోట్ల డాలర్ల ప్యాకేజీతో అక్కడ మెట్రో నడిచింది, సుప్రీంకోర్టు భవనం లేచింది. ఆ ద్వీపంలో తరాలుగా తెలుగువారున్నారని మనం ఉగాది సభల్లో గుర్తు చేసుకుంటాం, పద్దుల్లో ఎప్పుడూ వెతకం.

ఈ పద్దు సభలో ఎంత చర్చకు వస్తోంది? బడ్జెట్ సమావేశాల్లో ఏటా కొన్ని శాఖల డిమాండ్లనే చర్చకు తీసుకుంటారు. గడువు ముగియగానే మిగతావన్నీ చర్చ లేకుండా ఒకేసారి ఓటుకు పెడతారు. పార్లమెంటు పరిభాషలో ఇది గిలెటిన్. 2023 మార్చి 23న అయితే అన్ని శాఖలవీ కలిపి, దాదాపు 45 లక్షల కోట్ల బడ్జెట్ అలాగే గట్టెక్కింది. ఆ వేళ సభ అదానీ, రాహుల్ వివాదాల గొడవలో ఉంది. తప్పు ఎవరిదన్నది రాజకీయ వాదన. ఓటు హక్కు ఉన్న చోట ప్రశ్న పడలేదన్నది మాత్రం రికార్డులో ఉన్న నిజం.

ఇంతకన్నా పెద్ద ఖాళీ ఇంకొకటి ఉంది. విదేశాలకు మనం ఇచ్చేదాంట్లో పెద్ద వాటా అసలు ఈ పద్దులోనే కనిపించదు. ఎగ్జిమ్ బ్యాంకు ద్వారా ఇచ్చే రుణాలు, అంటే లైన్స్ ఆఫ్ క్రెడిట్, ఇప్పటికి 60కి పైగా దేశాలకు 30 బిలియన్ డాలర్లు దాటాయి. డబ్బు బ్యాంకుది, పూచీ కేంద్ర ప్రభుత్వానిది. 2022లో శ్రీలంక కుప్పకూలినప్పుడు విదేశాంగ శాఖ పద్దులో ఆ దేశం పేరున ఉన్నది రూ.200 కోట్లు. ఆ ఏడాది మనం చేసిన సాయం మొత్తం దాదాపు 400 కోట్ల డాలర్లు, రూపాయల్లో 30 వేల కోట్ల పైమాటే. ఆహారం, మందులకు స్టేట్ బ్యాంకు ద్వారా 100 కోట్ల డాలర్ల అప్పు, ఇంధనానికి ఎగ్జిమ్ బ్యాంకు నుంచి 50 కోట్లు, రిజర్వు బ్యాంకు కరెన్సీ మార్పిడి 40 కోట్లు, పైగా ఆసియా క్లియరింగ్ యూనియన్ చెల్లింపుల వాయిదా. ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టేటప్పుడు జాగ్రత్త అవసరం. 200 కోట్లు ఇచ్చేసే సొమ్ము, మిగతాది తిరిగి రావాల్సిన సొమ్ము. కానీ తిరిగి రాకపోతే పూచీ పడ్డవారు కట్టాలి. ఆ పూచీ గురించి ఎంపీ అడగాలంటే విదేశాంగ శాఖనా, ఆర్థిక శాఖనా అన్న దగ్గరే సగం కాలం గడిచిపోతుంది.

సహాయం, అమ్మకం కలగలిసిపోయినప్పుడు ప్రశ్న ఎలా దారి తప్పుతుందో 2021లో చూశాం. కరోనా రెండో అల ముంచెత్తిన ఏప్రిల్, మే నెలల్లో ‘మన పిల్లల టీకాలు విదేశాలకు ఎందుకు పంపారు’ అన్న నిలదీత వీధుల్లోనూ వినిపించింది. మే నెలాఖరుకు విదేశాలకు చేరిన టీకాలు 6.64 కోట్ల డోసులు. వీటిలో ఉచితంగా ఇచ్చినవి 1.07 కోట్లు. కంపెనీలు వాణిజ్యపరంగా అమ్ముకున్నవి సుమారు 3.58 కోట్లు, కోవాక్స్ వ్యవస్థకు చేరినవి 1.99 కోట్లు. దానం చేసింది ఆరో వంతే. విధానాన్ని తప్పుపట్టాలంటే దానాన్ని కాదు, ఎగుమతి ఒప్పందాలను అడగాలి. మార్చి 17న విదేశాంగ మంత్రి ఎస్. జైశంకర్ పార్లమెంటులో వ్యాక్సిన్ మైత్రిపై ప్రకటన చేసినప్పుడు రెండో అల ఇంకా పూర్తిగా విరుచుకుపడలేదు. అడగాల్సిన వేళకు సభలు లేవు.

సభలు ఉన్నా కొన్నిసార్లు ప్రశ్నోత్తరాలు ఉండవు. 2020 సెప్టెంబరులో కరోనా పేరుతో ప్రశ్నోత్తరాల సమయం ఎత్తేశారు. రాతపూర్వక జవాబులు మాత్రమే మిగిలాయి. ఆ సమావేశాల్లోనే విదేశీ విరాళాల చట్ట సవరణ లోక్‌సభలో 21న, రాజ్యసభలో 23న ఆమోదం పొందింది. పాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20కి తగ్గింది. ఒక సంస్థ మరో సంస్థకు ఆ నిధులు బదలాయించడం నిషిద్ధమైంది. విదేశీ సొమ్మంతా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలన్నారు. జహీరాబాద్ పక్కనే పస్తాపూర్‌లో 1983 నుంచి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, 2008లో మాచునూర్‌లో దళిత మహిళలు మొదలుపెట్టిన సంఘం రేడియో చూసినవారికి ఇది పరాయి విషయం కాదు. ఆ రేడియో వెనుక యునెస్కో తోడ్పాటు ఉంది. విదేశీ సహాయం అంటే మనం ఇచ్చేదే కాదు, ఈ గ్రామాలు పుచ్చుకున్నదీ. రెండు దిశల్లోనూ నియమాలు మారినప్పుడు సభ ఎంత అడిగిందన్నదే కొలత.

మరి ఎక్కడా అడగడం లేదా? అడుగుతున్నారు, స్థాయీ సంఘంలో. 1993 నుంచి ఉన్న శాఖాపరమైన స్థాయీ సంఘాల్లో విదేశాంగ వ్యవహారాలది ఒకటి. లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది. డోక్లాంపై 2018లో శశి థరూర్ అధ్యక్షతన, ‘పొరుగుకే ప్రాధాన్యం’ విధానంపై 2023లో పి.పి. చౌధరి అధ్యక్షతన ఆ సంఘం ఇచ్చిన నివేదికలు చదివితే సభలో వినిపించని లోతు కనిపిస్తుంది. కెమెరాలు ఉండవు కాబట్టి పార్టీ గీతలు కాస్త చెరుగుతాయనిపిస్తుంది. పరిమితులూ తక్కువేం కాదు. సంఘం ముందుకు మంత్రి రారు, కార్యదర్శులు వస్తారు. సిఫార్సులు పాటించి తీరాలని లేదు. పైగా సంఘం ఆయుష్షు ఏడాది. విషయం పట్టుబడే వేళకు సభ్యుడు మరో సంఘానికి వెళ్లిపోవచ్చు.

ఈ దూరపు వ్యవహారాలు జహీరాబాద్ మార్కెట్ యార్డు దాకా వచ్చే చోటు ఒకటుంది: కందులు. ఝరాసంగం, న్యాల్‌కల్, కోహిర్ మండలాల ఎర్ర, నల్లరేగడి చెలకల్లో కంది, మినుము, పెసర ఇంటి పంటలు. 2016 జులైలో ప్రధాని మొజాంబిక్ పర్యటనలో కందుల దిగుమతికి అవగాహన ఒప్పందం కుదిరింది. అక్కడి రైతులకు తోడ్పాటు, ఇక్కడి కొరతకు మందు, రెండూ ఒకే కాగితంలో. లక్ష టన్నులతో మొదలై 2020-21కి రెండు లక్షలకు చేరాలన్నది లక్ష్యం. 2021లో ఏటా రెండు లక్షల టన్నుల చొప్పున మరో అయిదేళ్లకు పొడిగించారు. మలావీతో 50 వేల టన్నులకు, మయన్మార్‌తో లక్ష టన్నుల కందులకు, రెండున్నర లక్షల టన్నుల మినుములకు కూడా ఒప్పందాలయ్యాయి. కందులపై సుంకం లేని దిగుమతిని 2026 మార్చి 31 దాకా పొడిగిస్తున్నట్టు 2025 జనవరిలో ప్రకటించారు, సరిగ్గా కొత్త పంట మార్కెట్‌కు వచ్చే వేళ. ఆ సీజన్ మద్దతు ధర క్వింటాలుకు రూ.7,550. దేశంలోని చాలా మార్కెట్లలో ధర దాని దరిదాపులకు, కొన్నిచోట్ల దాని కిందికీ దిగింది. దిగుమతే కారణమని చెప్పేయలేం. ముందటి ఏడాది కన్నా పంట మెరుగ్గా ఉంది, నిల్వలూ వ్యాపారుల అంచనాలూ ఉన్నాయి. వీటిలో దిగుమతి వాటా ఎంతో తేల్చాలంటే నెలవారీ దిగుమతి, రాక, ధర మూడూ పక్కపక్కన పెట్టాలి.

ఆ అంకెలు అడిగే అధికారం ఎంపీకి ఉంది. కాకపోతే ప్రశ్న రాసే తీరు తెలిసుండాలి. పార్లమెంటు ప్రశ్న ఇలా ఉంటుంది: (ఎ) ఫలానా దేశంతో ఒప్పందం కింద గత అయిదేళ్లలో దిగుమతైన కందులు ఏడాదివారీగా, నెలవారీగా ఎన్ని; (బి) ఆ నెలల్లో ప్రధాన మార్కెట్లలో సగటు ధర ఎంత; (సి) పొడిగింపునకు ముందు పండించే రాష్ట్రాలను సంప్రదించారా; (డి) లేకుంటే కారణమేమిటి. నక్షత్రం గుర్తున్నదైతే మంత్రి నోటితో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. లోక్‌సభలో రోజుకు అలాంటివి 20 మాత్రమే. మిగతా 230 రాతపూర్వకం. జవాబు ఎలా ఉన్నా ఆ రోజుకు అంతే. ఇక ఏ మంత్రికి వేయాలి? ఒప్పందం కుదిరింది విదేశీ పర్యటనలో. దిగుమతి అనుమతి వాణిజ్య శాఖది, సుంకం ఆర్థిక శాఖది, నిల్వలు వినియోగదారుల వ్యవహారాల శాఖవి, మద్దతు ధర వ్యవసాయ శాఖది. ప్రశ్న ఒక శాఖ నుంచి మరో శాఖకు బదిలీ కావడం మామూలే.

మొజాంబిక్ ఒప్పందపు రెండో విడత గడువు అయిదేళ్ల లెక్కన 2025-26 దాకా. పొడిగించాలా, సవరించాలా అన్నది ప్రభుత్వ నిర్ణయం. దానికి పార్లమెంటు ఓటు అక్కర్లేదు. పొడిగించే ముందు పాత అయిదేళ్ల లెక్క సభ ముందు పెట్టమని అడగడానికి మాత్రం నియమాల్లో అడ్డేమీ లేదు. కంది పండే నియోజకవర్గాల ఎంపీలు, అది జహీరాబాద్ కావచ్చు, పక్కనే కలబురగి కావచ్చు, ఏ పార్టీవారైనా పదిహేను రోజుల ముందు నోటీసు ఇస్తే చాలు.