సూరత్ రింగ్ రోడ్: వాన నీటి లెక్క

సూరత్‌లోని రింగ్ రోడ్ వస్త్ర వ్యాపారానికి ప్రసిద్ధి. భవనాలు, సిమెంటు, తారు కప్పేసిన ఇటువంటి చోట వాన నీరు నేలలోకి ఇంకదు. ఒక హెక్టారులో 50 మిల్లీమీటర్ల వర్షం కురిస్తే 5 లక్షల లీటర్ల నీరు చేరుతుంది. అందులో 90 శాతం పారితే కాలువ 4.5 లక్షల లీటర్లు మోయాలి. పచ్చిక నేలపై 20 శాతమే పారితే లక్ష లీటర్లు చాలు.

సూరత్‌కు వరద రెండు దారుల్లో వస్తుంది. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి వదిలిన నీటితో తాపీ నది నగరాన్ని ముంచింది. రెండోది ఖాడీలనే స్థానిక వాగుల పొంగు. తెలుగు నేత కుటుంబాలు స్థిరపడిన లింబాయత్‌కు మీఠీ ఖాడీ ముప్పు ఉంది.

నీటి పరిమాణమే కాదు, నాణ్యతా ముఖ్యమే. తొలి జల్లు రహదారులపై పేరుకున్న నూనె, దుమ్ము, చెత్తను కడిగి వాగులో కలుపుతుంది. 1994లో వరద, అపరిశుభ్రతల అనంతరం ప్లేగు ప్రబలిన సూరత్‌కు ఈ పాఠం కొత్త కాదు.

అమెరికాలో 1971లో రూపొందిన 'స్టార్మ్ వాటర్ మేనేజ్‌మెంట్ మోడల్' వర్షపు తీవ్రత, నేల వాలు, గట్టి ఉపరితలం, కాలువ కొలతల ఆధారంగా ప్రవాహాన్నీ కాలుష్యాన్నీ అంచనా వేస్తుంది.

గుజరాత్ 1976 నాటి పట్టణ ప్రణాళికా చట్టం కింద భూములను సమీకరించి రహదారులకు, ఉద్యానాలకు స్థలం కేటాయిస్తారు. ఈ లెక్క వేయవలసింది అప్పుడే. కట్టడాలు లేచాక నీటికి చోటు వెదకడం కష్టం.