వెలుగు గీతల ఆటపెట్టె

తెల్లవారుజామున వాకిట ముగ్గు పెట్టు ఇల్లాలి చేతిని గమనింపుడు. ఆ చేయి ఒక చుక్కనుండి మరియొక చుక్కకు తిన్నగా సాగిపోవును. గీత ఎచ్చట కావలెనో అచ్చటనే పిండి రాలును. తక్కిన వాకిలితో ఆమెకు పనిలేదు. ఇక మగ్గమువద్ద కూర్చున్న నేతగానిని చూడుడు. అంచులో నెమలి బొమ్మ రావలెనన్నను అతడు నెమలి ఆకారము వెంబడి చేతిని త్రిప్పడు. ఈ కొసనుండి ఆ కొసకు ఒక్కొక్క పేకపోగును నడుపుచు, ఏ పోగులో ఎచ్చట రంగు మారవలెనో అచ్చట మార్చుచు పోవును. పోగులన్నియు కూడిన పిమ్మటనే నెమలి కంటికి కనబడును.

తెరమీద వెలుగుతో బొమ్మ వ్రాయుటకును ఈ రెండు పద్ధతులే కలవు. ఇంటిలోని టెలివిజను, చేతిలోని సెల్‌ఫోను మగ్గపు పద్ధతిని అనుసరించును. ముగ్గు పద్ధతిని నమ్ముకొని, సొంత తెరతో ఇండ్లలోనికి వచ్చిన వీడియో ఆటల యంత్రము ఒక్కటి కలదు. దాని పేరు వెక్ట్రెక్స్. 1982 నవంబరులో అమెరికా అంగళ్ళకు వచ్చి, 1984 ఆరంభమునకే అది వెడలిపోయెను. వర్తకుల లెక్కలో అది ఓడిన సరకు. అయినను నలువది యేండ్లు గడచిన తరువాతకూడ దానిని మరమ్మతు చేసి కాపాడువారును, దానికై క్రొత్త ఆటలు వ్రాయువారును ఉన్నారు. అంగడిలో ఓడిన వస్తువు మనస్సులలో ఎట్లు నిలిచెను? సమాధానము కొంత చరిత్రలోను, కొంత భౌతికశాస్త్రములోను కలదు.

ప్రయోగశాలలో మొదలైన ఆట

1897 లో ఫెర్డినాండ్ బ్రౌన్ అను జర్మను శాస్త్రవేత్త కాథోడు కిరణ నాళమును కొలత పరికరముగా మలచెను. గాలి తీసివేసిన గాజు నాళములో ఎలెక్ట్రానుల సన్నని ధార ఒక కొసనుండి బయలుదేరి రెండవ కొసనున్న తెరను తాకును. తాకినచోట, తెరకు పూసిన రసాయన పదార్థము వెలుగును. దారిలో విద్యుత్ క్షేత్రముగాని అయస్కాంత క్షేత్రముగాని ఉన్నచో ఆ ధార వంగును. మారుచున్న విద్యుత్తును వెలుగుగీతగా చూపు ఆసిలోస్కోపు ఈ నాళమునుండియే పెరిగినది. కళాశాలలలో భౌతికశాస్త్రము చదువు వారికి అది పరిచితమైన పరికరమే.

ఆ పరికరమును ఆటవైపు త్రిప్పినవారిలో విలియం హిగిన్‌బోతమ్ ముఖ్యుడు. ఆయన న్యూయార్కు రాష్ట్రములోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో భౌతికశాస్త్రవేత్త. ప్రయోగశాలను చూడవచ్చు జనులకు కదలని ప్రదర్శనములు విసుగు పుట్టించునని ఆయన తలచెను. అందుచే 1958 అక్టోబరులో ఐదంగుళముల ఆసిలోస్కోపు తెరపై ఒక టెన్నిస్ ఆటను ఏర్పాటు చేసెను. బంతి పోవు దారిని లెక్కించినది ఒక ఎనలాగు గణనయంత్రము. జనులు బారులు తీరి ఆడిరి.

1962 లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ యువకులు పి.డి.పి.-1 అను కంప్యూటరు తెరపై అంతరిక్షనౌకల యుద్ధమును ఆడించిరి. పిమ్మట 1977 లో సినిమాట్రానిక్స్ వారి ‘స్పేస్ వార్స్’, 1979 లో అటారీ వారి ‘ఆస్టరాయిడ్స్’ నాణెము వేసి ఆడు యంత్రములుగా వచ్చినవి. నల్లని తెరపై పదునైన తెల్లని గీతలు వాని ప్రత్యేకత. కాని అవి బీరువాలంతేసి యంత్రములు. ఆ గీతల అందము చూడగోరు పిల్లలు ఆటశాలకు పోవలసినదే.

పెట్టె రూపొందిన విధము

ఆ అందమును ఇంటికి తెచ్చినది కాలిఫోర్నియాలోని వెస్టర్న్ టెక్నాలజీస్ అను చిన్న రూపకల్పన సంస్థ. దాని అధిపతి జే స్మిత్. 1979 లో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీకై ‘మైక్రోవిజన్’ అను చేతి ఆటయంత్రమును రూపొందించినది ఆయనే. దానిలో ఆటల పేటికలను మార్చుకొనవచ్చును. అడ్డమునకు 16, నిలువునకు 16 చుక్కలు మాత్రమే గల తెర దానిది.

ఈ సంస్థ ఇంజనీర్లు తొలుత చిన్న కాథోడు కిరణ నాళముతో గీతల ఆటయంత్రమును తలపెట్టిరి. పిమ్మట 5 అంగుళముల తెరను అనుకొనిరి. జనరల్ కన్‌స్యూమర్ ఎలక్ట్రానిక్స్ అను కంపెనీ దానిని అమ్ముటకు పూనుకొన్నప్పుడు తెర 9 అంగుళములకు పెరిగెను. ధర 199 డాలర్లు.

ఆ కాలపు ఇతర ఆటయంత్రములు ఇంటి టెలివిజనుకు తగిలించుకొనవలసినవి. ఇంట ఒక్కటే టెలివిజను ఉన్నపుడు, పెద్దలు వార్తలు చూచుచుండగా పిల్లల ఆట ఆగిపోవును. వెక్ట్రెక్స్‌కు ఆ బాధ లేదు. నిలువుగా నిలిచిన తెర, ధ్వని పెట్టె, ఆడించు మీటల పలక అన్నియు ఒకే పెట్టెలో ఇమిడియుండెను. ఆట ముగియగానే మీటల పలకను పెట్టె అడుగుభాగమున మూసి, పైనున్న పిడి పట్టుకొని మరియొక గదికి మోసికొని పోవచ్చును. పేటిక ఏదియు పెట్టకున్నను ‘మైన్ స్టార్మ్’ అను ఆట దానిలోనే ఉండెడిది. పిల్లవానికి తన బల్లమీద తనకే చెందిన తెర ఉండుట ఆ దినములలో సామాన్య విషయము కాదు. దానితో ఆడి పెరిగినవారికి ముందుగా జ్ఞాపకము వచ్చునది ఈ స్వాతంత్ర్యమే.

గీత గీయు గణితము

ఈ పెట్టెలోని విద్యుత్ రచన ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదగినంత చక్కనిది. కంప్యూటరునకు తెలిసినవి అంకెలు మాత్రమే. ఆ అంకె మొదట వోల్టేజిగా మారును. ఆ వోల్టేజి సమాకలన వలయమను భాగములోనికి పోవును. ఆ వలయము తనకు అందిన వోల్టేజిని కాలముతోపాటు కూడబెట్టుచుండును. నీటితొట్టిలో కొళాయిని కొద్దిగా త్రిప్పిన నీరు మెల్లగాను, ఎక్కువగా త్రిప్పిన వేగముగాను పెరిగినట్లే, వలయపు ఫలితము మెల్లగానో వేగముగానో పెరుగును. నాళపు మెడచుట్టునున్న తీగచుట్టలలోని విద్యుత్తు ఆ ఫలితము ననుసరించి మారును. ఎలెక్ట్రాను ధార దానితో జరుగును. అనగా కంప్యూటరు ఇచ్చునది కిరణపు వేగము. వేగమును కాలముతో కూడగా వచ్చునది కిరణపు స్థానము.

అడ్డ దిశకు ఒకటి, నిలువు దిశకు ఒకటి ఇట్టి వలయములు రెండు కలవు. అడ్డమునకు 4, నిలువునకు 3 అను వేగములిచ్చి ఒక ప్రమాణ కాలము నడిపినచో కిరణము ఏటవాలుగా సాగి, 5 ప్రమాణముల పొడవుగల గీతను గీయును. లంబకోణ త్రిభుజపు సిద్ధాంతము తెలిసిన విద్యార్థి దీనిని వెంటనే సరిచూడగలడు. అవే అంకెలతో రెట్టింపు కాలము నడిపినచో గీత పొడవు 10 అగును, దిశ మారదు. కనుక దూరమునుండి వచ్చు రాయి దగ్గరగుచు పెద్దదైనట్లు చూపుటకు బొమ్మలోని అంకెలన్నిటిని మార్చనక్కరలేదు. కాలము నొక్కదానిని మార్చిన చాలును.

ఇందు పొదుపుకూడ గొప్పది. మగ్గపు పద్ధతిలో అడ్డము 256, నిలువు 192 చుక్కలుగల తెరలో ప్రతి చుక్కను జ్ఞాపకముంచుకొనవలెనన్న, వెలుగు ఉన్నది లేనిది అను మాత్రమునకే 49,152 గుర్తులు కావలెను. ఎనిమిది గుర్తులు ఒక బైటు గనుక అవి 6,144 బైట్లు. వెక్ట్రెక్స్ వద్ద వ్రాసి చెరుపుకొనుటకు ఉన్న జ్ఞాపకశక్తి 1,024 బైట్లు మాత్రమే. అయినను గీతకు రెండంకెలు చాలును గనుక అంత స్వల్పముతోనే అది నౌకలను, తారలను, సొరంగములను చూపెను. పైగా ఏటవాలు గీతలకు మెట్లుమెట్లుగా అంచులు ఉండెడివి కావు. చుక్కలతో కుట్టిన గీత వేరు, ఒక్క విసురున గీచిన గీత వేరు.

తెరమీది వెలుగు క్షణములో ఆరిపోవును గనుక బొమ్మను సెకండునకు 50 సార్లు తిరిగి గీయవలెను. దీని మోటరోలా 6809 జాతి ప్రాసెసరునకు సెకండునకు 15 లక్షల స్పందనలు. 50 చేత భాగించిన ఒక్కొక్క బొమ్మకు 30,000 స్పందనల వ్యవధి లభించును. ఆటగాని మీటను గమనించుట, గుండు తగిలినదా లేదా యని లెక్కించుట, ధ్వని చేయుట, గీతలు గీయుట అన్నియు ఆ వ్యవధిలోనే ముగియవలెను. గీతలు ఎక్కువైనచో బొమ్మ మినుకుమినుకు మనును. మరియు కూడబెట్టు వలయములలో చిన్న చిన్న దోషములుకూడ కూడబడును. అందుచే మాటిమాటికి కిరణమును తెర నడిమికి తెచ్చి లెక్కను సున్నతో మరల మొదలుపెట్టవలెను. ఈ హద్దులలో ఆట వ్రాసినవారి నేర్పు మెచ్చదగినది.

లోపములును ముచ్చటలును

యంత్రమునకు కొరతలు లేకపోలేదు. తెరకు ఉన్నది నలుపు తెలుపే. అటారీ వారి ‘టెంపెస్ట్’ 1981 లోనే రంగుల గీతలు చూపినను, అట్టి నాళము ఇంటి యంత్రమునకు ఖరీదైనది. కనుక ఒక్కొక్క ఆటకు ఒక్కొక్క రంగుల పారదర్శక పలకను ఇచ్చి తెరముందు తగిలించుకొమ్మనిరి. యంత్రమునుండి ఒక గుర్రుమను ధ్వని కూడ వినవచ్చెడిది. తెరపై గీతలు మారినపుడు ఆ ధ్వనియు మారెడిది. ‘మైన్ స్టార్మ్’ ఆటలో పదుమూడవ మజిలీ చేరగానే ఆట చిక్కుపడి ఆగిపోవుచుండెను. ఫిర్యాదు వ్రాసిన వారికి కంపెనీ సరిదిద్దిన ‘మైన్ స్టార్మ్ 2’ పేటిక నిచ్చెను. అంతదూరము ఆడగలిగిన వారు కొలదిమందే గనుక ఆ పేటిక నేడు అపురూపమైన వస్తువు. నాడు చిరాకు పుట్టించిన ఈ కొరతలనే నేడు వారు నవ్వుచు చెప్పుకొందురు.

1984 లో వచ్చిన మూడుకొలతల కళ్ళద్దములు మరింత చమత్కారమైనవి. కళ్ళముందు మోటారుతో ఒక చక్రము తిరుగును. దానిలో సగము నలుపు, సగము ఎరుపు, ఆకుపచ్చ, నీలము పలకలు. ఒక కంటికి నలుపు అడ్డమైనపుడు రెండవ కన్ను తెరను చూచును. చక్రపు వేగముతో జతపరచి, ఏ కన్ను చూచునో ఆ కంటికి తగిన బొమ్మను యంత్రము గీయును. ఎరుపు పలక అడ్డమున్న క్షణమున గీచిన తెల్లగీత ఎర్రగా తోచును. దృష్టి నిలుకడవలన ఇవన్నియు కలిసి, నలుపు తెలుపు నాళము నుండియే రంగులును లోతును కనబడును.

అంగడి కూలిన కాలము

ఇంత నేర్పుగల యంత్రము ఏల ఓడెను? మొదటి కారణము కాలము. 1983 ఆరంభమున మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ దీనిని అమ్ము సంస్థను కొనెను. ఐరోపాకు యంత్రము పంపబడెను. జపానులో బండాయ్ కంపెనీ అమ్మకము చేపట్టెను. సరిగా అప్పుడే అమెరికాలో వీడియో ఆటల వ్యాపారము కుప్పకూలెను. లెక్కకు మించిన కంపెనీలు, నాసిరకపు ఆటలు, ధర తగ్గుచున్న ఇంటి కంప్యూటర్లు, అన్నియు ఏకమైనవి. 1983 లో సుమారు 320 కోట్ల డాలర్లని చెప్పబడు వ్యాపారము 1985 నాటికి సుమారు 10 కోట్లకు దిగెను. అటారీ కంపెనీ అమ్ముడుపోని పేటికలను 1983 సెప్టెంబరులో న్యూ మెక్సికోలోని అలమొగోర్డో వద్ద గోతిలో పూడ్చెను. 2014 లో వానిని త్రవ్వి తీసిరి.

ఆ గాలివానలో వెక్ట్రెక్స్ ధర 199 డాలర్లనుండి 100 కు, తుదకు 49 కి పడిపోయెను. సొంత తెరగల యంత్రమును చౌకగా చేయుట కష్టము. చౌకగా అమ్మిన నష్టము. అన్ని దేశములకు కలిపి వచ్చిన ఆటలు సుమారు ముప్పది. 1984 ఆరంభమున తయారీ నిలిచెను.

మిగిలినదేమి

కథ అచ్చట ముగియలేదు. హక్కులు మరల జే స్మిత్ సంస్థకు చేరిన పిమ్మట, 1990 ల నడుమ, లాభాపేక్ష లేక దాని ఆటలను నకలు చేసికొనుటకు ఆయన అనుమతి నిచ్చెను. కంపెనీలు పాత సరకును తాళమువేసి దాచు లోకములో ఇది అరుదైన ఔదార్యము. ఆ అనుమతివలన ఆసక్తిగలవారు యంత్రపు రహస్యములను నేర్చి, ఒకరికొకరు బోధించుకొని, క్రొత్త ఆటలు వ్రాసిరి. ఈ విధముగా కంపెనీ విడిచిన యంత్రమును ఆడినవారు దత్తు తీసికొనిరి.

అయినను ఒక చింత కలదు. నేటి కంప్యూటరు తెరపై ఈ ఆటలను అనుకరింపవచ్చును గాని, ఆ తెర చుక్కలదే. ముగ్గును మరల మగ్గముమీద నేసినట్లగును. కిరణము ఒక్కక్షణము నిలిచినచోట మెరయు మొన, దాని వెనుక ఆరుచున్న వెలుగు నిజమైన నాళములోనే చూడవలెను. కాథోడు కిరణ నాళముల తయారీ ప్రపంచమున దాదాపు అంతరించినది. పగిలిన ఒక్కొక్క నాళముతో చూడదగిన ఒక పాఠము తగ్గిపోవుచున్నది.

సూత్రము మాత్రము చావలేదు. కంప్యూటరులో తెలుగు అక్షరములనే చూడుడు. ‘ఱ’ లోని వంపుగాని, ‘ఖ’ లోని మెలికగాని చుక్కలుగా దాచబడలేదు. అంచుల వక్రరేఖలు అంకెలుగా దాచబడినవి. అందుచే అదే అక్షరము పుస్తకములో చిన్నదిగాను, గోడపత్రికలో పెద్దదిగాను చెదరక నిలుచును. తుదకు తెరమీద దానిని నేయునది మగ్గమే. కాని మూలము ముగ్గు.

కళాశాలలో ఆసిలోస్కోపు ఉన్న ఊరి ఉపాధ్యాయులు ఒకనాడు విద్యార్థులను అచ్చటికి తీసికొనిపోయి, అడ్డ దిశకు ఒక కంపనమును, నిలువు దిశకు మరియొక కంపనమును ఇచ్చి చూపవచ్చును. ఒక్క వెలుగుచుక్క పరుగెత్తి వలయమును, ఎనిమిది అంకె వంటి మెలికను గీయుట వారు చూచెదరు. ఆ చుక్క వెంట కన్ను పోయిన పిల్లవానికి, అమ్ముడుపోని ఒక ఆటపెట్టెను జనులు ఇంతకాలము ఏల ప్రేమించిరో వేరుగా చెప్పనక్కరలేదు.