తెలుగు ప్రాథమిక వాక్యం: పరివర్తన వ్యాకరణ దృష్టి

తెలుగు వ్యాకరణ సంప్రదాయంలో వాక్యానికి ప్రత్యేక స్థానం ఆలస్యంగా లభించింది. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) పది పరిచ్ఛేదాల గ్రంథం. వాటిలో వాక్యానికంటూ విడిగా ఒక పరిచ్ఛేదం లేదు. వాక్యసంబంధమైన విషయాలు ప్రధానంగా కారక పరిచ్ఛేదంలోనే చోటుచేసుకున్నాయి.

1957లో వెలువడిన ‘సింటాక్టిక్ స్ట్రక్చర్స్’లో నోమ్ చామ్‌స్కీ బీజవాక్యాలను, పరివర్తన సూత్రాలను ప్రతిపాదించాడు. 1965 నాటికి గుప్తనిర్మాణం, వ్యక్తనిర్మాణం అనే భేదం ఆ సిద్ధాంతానికి పునాది అయింది. ఈ పద్ధతిలో తెలుగు నామరూపాలను పరిశీలించి చేకూరి రామారావు 1968లో కార్నెల్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేట్ పొందారు. అనంతరం ఉస్మానియా విశ్వవిద్యాలయ భాషాశాస్త్ర శాఖలో పనిచేశారు. ఆయన ‘తెలుగు వాక్యం’ 1975లో వెలువడింది. ఆధునిక వాక్యవిచారానికి తెలుగులోనే శాస్త్రీయ పరిభాష, చర్చ ఈ గ్రంథంతో బలపడ్డాయి.

చామ్‌స్కీ ఇంగ్లీషుకు చూపిన తొలి సూత్రం ప్రకారం వాక్యం నామబంధం, క్రియాబంధాల కలయిక. తెలుగులో ఈ సూత్రానికి ఒక చిక్కు ఎదురవుతుంది. ‘నారాయణగూడలో గ్రంథాలయం ఉంది’ అనే వాక్యంలో క్రియ ఉంది. ‘ఇది నారాయణగూడ’ అనే వాక్యంలో లేదు. మొదటిదానికి వ్యతిరేక రూపం ‘లేదు’, రెండవదానికి ‘కాదు’. ‘కాదు’, ‘అయితే’ వంటివి ‘అగు’ ధాతువు రూపాలు. కాబట్టి గుప్తనిర్మాణంలో ‘అగు’ ఉండి, వ్యక్తనిర్మాణంలో లోపించిందని చెప్పడానికి అవకాశం ఉంది.

అయితే ‘నేను అధ్యాపకుణ్ణి’, ‘నువ్వు అధ్యాపకుడివి’, ‘మేము అధ్యాపకులం’ అనే వాక్యాలలో పురుషవచన ప్రత్యయాలను నామమే ధరిస్తోంది. ‘నేను అధ్యాపకుణ్ణి కాను’ అన్నప్పుడు క్రియ ప్రత్యక్షమైనా నామంపై ప్రత్యయం తొలగిపోదు. అంటే ఈ పొందిక లోపించిన క్రియ నుండి నామానికి సంక్రమించినది కాదు. అది ఆఖ్యాతంగా నిలిచిన నామం సొంత లక్షణం. వ్యతిరేకార్థాన్నో, షరతునో మోయవలసి వచ్చినప్పుడు ‘అగు’ ధాతువు తోడవుతోందని చెప్పడం ఈ రూపాలకు మరింత అనుగుణంగా ఉంటుంది.

దీనినిబట్టి తెలుగు ప్రాథమిక వాక్యానికి అనివార్యమైనది ఆఖ్యాతమే. అది క్రియ కావచ్చు, నామం కావచ్చు. ఈ నిర్ణయం బోధనకూ అవసరం. క్రియ లేని వాక్యాన్ని అసంపూర్ణమని విద్యార్థికి చెబితే, వాడుకలో నిత్యం వినిపించే నిర్మాణాన్ని లోపంగా చూపినట్లవుతుంది. పరివర్తన వ్యాకరణం తెలుగుకు విశ్లేషణ పద్ధతిని అందించింది. ఆ పద్ధతిలోని సూత్రాలను సరిచూడవలసింది మాత్రం తెలుగు వాక్యాలతోనే.